పేరంటాలు బుట్టలో పుస్తకం

బడిలో లైబ్రరీ పెట్టాం, పిల్లల గోడపత్రికలో వేసుకోడానికి రెండు ముక్కలు చెప్పండి మామ్మగారూ అని టీచరుగారు వచ్చి అడిగారు. ఊళ్లో పాతవాళ్లలో మిగిలినవాళ్లం ఇద్దరు ముగ్గురమే గనక ఏవైనా వెనకటి సంగతులు చెబుతానని ఆవిడ ఆశ. రెండు ముక్కల్లో తేలేది కాదండీ, మొదలెడితే మీ గోడ చాలదు అన్నాను. ఆవిడ నవ్వి, చాలకపోతే ఇంకో గోడ చూసుకుందాం లెండి అని చాప మీదే కూర్చుని కాగితాలు తీశారు. అందుకని ఇందులో మాటలు నావి, రాత ఆవిడది. చెబుతూ చెబుతూ నేను ఆగిపోతే తొందరపెట్టొద్దన్నాను. ఆవిడ తొందరపెట్టలేదు.

వ్యాను వచ్చిన రోజు నుంచి చెబుతాను. టౌన్లో పెద్ద లైబ్రరీవాళ్లూ మా బడివాళ్లూ మాట్లాడుకున్నారట. ఇకమీదట శనివారం శనివారం వ్యాన్లో పుస్తకాలు వస్తాయి, పిల్లలు ఇళ్లకి తీసుకెళ్లి చదువుకుని పై శనివారానికి తిరిగి ఇచ్చేస్తారు, పాతవి వెళ్తాయి, కొత్తవి వస్తాయి. మేత బస్తాల లారీలూ ఐసు వ్యాన్లూ తప్ప ఇంకోటి తిరగని చెరువుగట్టు మీద ఆ తెల్ల వ్యాను ఊగుతూ రావడం మా అరుగు మీంచి చూశాను. చూస్తున్నదాన్ని లేచి లోపలికి వచ్చేశాను. ఎందుకో అప్పుడే తెలిసింది గానీ, తెలిసిందని నాకు నేను చెప్పుకోలేదు. సాయంత్రం నా మనవరాలు లాస్య, మా అబ్బాయి కూతురు, పరిగెత్తుకుంటూ వచ్చింది. చేతిలో పుస్తకం, అట్ట మీద ఏనుగు. గుమ్మం దాటబోతుంటే చెయ్యి అడ్డం పెట్టాను. అది లోపలికి వద్దమ్మా అన్నాను. కొని తెచ్చుకున్న బడి పుస్తకాలు వేరు, అవి రోజూ సంచిలో వస్తూనే ఉన్నాయి. పదిళ్లు తిరిగే పుస్తకం వేరు. అలాంటిది మా ఇంటి గుమ్మంలోకి రాకూడదని మా అమ్మ పెట్టిన కట్టు. అమ్మ పోయినా నేను దాన్ని తప్పలేదు.

పిల్ల ముఖం చిన్నబుచ్చుకుంది. అరుగు మూల కోళ్లగంప ఉంటే దాని కింద పెట్టించాను, మంచు పడకుండా, మేక నమలకుండా. చదువుకోవాలంటే అరుగు మీద కూర్చుని చదువుకో, అయ్యాక గంప కింద పెట్టెయ్యి అన్నాను. మా కోడలు దుర్గ పొయ్యి దగ్గర్నుంచే వింటోంది. గట్టిగా మాట్లాడే మనిషి కాదు, కానీ వదిలిపెట్టే మనిషీ కాదు. "కోళ్లగంప కింద పుస్తకం పొదగేసిన ఇల్లు ఈ చుట్టుపక్కల మనదొక్కటే అయ్యుంటుంది అత్తయ్యా. పిల్లలెన్ని లేస్తాయో చూద్దాం" అంది. నాకు నవ్వు రాలేదు. దూలానికి వేలాడుతున్న బుట్ట వైపు చూశాను.

ఆ బుట్ట సంగతి చెప్పాలంటే మా అక్క కాంతం సంగతి చెప్పాలి. అప్పట్లో మా లంక చుట్టూ నీళ్లే. ఇప్పుడు గట్లూ చెరువులూ కరెంటు స్తంభాలూ ఉన్నచోట అప్పుడు కిక్కిస. మనిషి కంటే ఎత్తు గడ్డి, గాలికి రోజంతా ఏదో చెప్పుకుంటున్నట్టు ఉండేది. పొద్దున్నే లేస్తే పొగమంచు, తడిసిన వలల వాసన, ఎండుచేపల వాసన, ఇంటి వెనక గూడబాతుల రెక్కల చప్పుడు. మా నాన్న జోడుదోనె నడిపేవాడు. రెండు తాటిదోనెలు పక్కపక్కన కట్టి పైన తడక పరిస్తే అదే జోడుదోనె. మనుషులూ బియ్యం బస్తాలూ పెళ్లివారూ పురిటివాళ్లూ అందరూ దాని మీదే. ఊళ్లో ఒకటే పాక బడి, ఒకరే మేష్టారు. ఆయనది ఉంగుటూరు వైపు, కాలవ నీళ్లే తప్ప ఇన్ని నీళ్లు ఎరగని మనిషి. దోనె ఎక్కితే మధ్యలో కూర్చుని కళ్లు మూసుకుని, ఒడ్డు వచ్చిందా సుబ్బయ్యా, ఒడ్డు వచ్చిందా అని మా నాన్నని అడిగేవారు. అంత భయస్థుడూ నెలకోసారి మాత్రం తప్పకుండా దోనె ఎక్కేవారు. మండవల్లి రోడ్డు దాకా బండి మీద వచ్చిన పుస్తకాల పెట్టెని దింపించుకుని, ఒడిలో బిడ్డని పెట్టుకున్నట్టు రెండు చేతులా పట్టుకుని తెచ్చేవారు. టౌను లైబ్రరీవాళ్లు బడికి పంపే పెట్టె అది. టేకు చెక్క, ఇత్తడి గడియ. మూత తీస్తే కర్పూరం వాసన, వేపాకు వాసన.

ఇంటికొక పుస్తకం ఇచ్చేవారు. ఇచ్చేముందు, చేతులు చాపండి అనేవారు. మేం చేపలు తోమే చేతులవాళ్లం కదండీ. వరసలో నిలబెట్టి ఒక్కొక్కరి అరచేతులూ వాసన చూసేవారు. నీచు తగిలితే, వెళ్లి బూడిదతో తోముకురా అని పంపేసేవారు. అలా తిరిగి తిరిగి వచ్చేలోపు బొమ్మలున్న పుస్తకాలు అయిపోయేవి. మా కాంతం తెలివైంది. ముందురోజే బూడిద పెట్టి తోముకుని, పొద్దున్నే నిమ్మాకు నలిపి రుద్దుకుని వెళ్లేది. మేష్టారు దాని చేతులు చూసి, వీటికి పుస్తకం ఇవ్వకపోతే పుస్తకానికే అవమానం అనేవారు. కుండ మీద కప్పే శుభ్రమైన గుడ్డలో చుట్టుకుని పుస్తకాన్ని గుండెకి ఆనించుకుని తెచ్చేది. నేను దాని లంగా కొస పట్టుకుని వెనక నడిచేదాన్ని. ఇప్పటికీ ఎవరైనా నిమ్మాకు తుంచితే నాకు ముందు గుర్తొచ్చేది మజ్జిగ కాదు, దాని అరచేతులు.

సాయంత్రం దీపం పెట్టాక మా అరుగు మీద చదివేది. మా వీధి ఆడవాళ్లంతా పని చేతబట్టుకుని వచ్చేవాళ్లు. ఒకరు వల అతుకుతూ, ఒకరు పిల్లకి తల దువ్వుతూ. మా అమ్మ మాత్రం పని పెట్టుకునేది కాదు. రోజు మొత్తంలో ఆవిడ చేతులు ఊరికే ఒడిలో ఉండడం నేను చూసింది అప్పుడే. కాంతం వేలు పెట్టి చదివేది. వేలు ఎటు జరిగితే అమ్మ కళ్లు అటు జరిగేవి, ఆవిడకీ చదువొచ్చేమో అన్నట్టు. ఆఖరున తెచ్చిన పుస్తకంలో ఒక కథ. ఒక కుమ్మరివాళ్ల పిల్ల. గాలివానలో దాని మేకపిల్ల తప్పిపోతుంది. మెడలో చిన్న గంట ఉన్న మేకపిల్ల. ఆ పిల్ల దాన్ని వెతుక్కుంటూ కొండెక్కుతుంది. కొండంటే ఏంటని నేను అడిగాను. కాంతమూ చూసింది లేదు. కాసేపు ఆలోచించి, "నీళ్లు లేచి నిలబడ్డాయనుకో. నిలబడి మళ్లీ కూర్చోవడం మర్చిపోయాయనుకో. అదే కొండ" అంది. ఆడవాళ్లందరూ నవ్వారు. నేను నవ్వలేదు, నాకు కనపడింది. కథలో ఆ పిల్ల కొండ మీద చీకట్లో నిలబడి ఉండగా గంట వినిపించింది, ఏ వైపు నుంచో తెలియలేదు. అంతవరకు చదివి కాంతం ఆగింది. తల పోటుగా ఉంది, మిగతాది రేపు అంది. అరుగు పక్కన పడి ఉన్న కిక్కిస ఆకు తుంచి పేజీలో పెట్టి మూసింది. ఆడవాళ్లు ఇదేం న్యాయమే, సరిగ్గా ఇక్కడా ఆపడం అని దాన్ని వేళాకోళం చేస్తూ లేచారు.

మర్నాడు జ్వరం. సన్నిపాతం అన్నారు. నాన్న జోడుదోనె మీద పక్క వేసి రోడ్డు దాకా, అక్కడి నుంచి ఏలూరు తీసుకెళ్లాడు. దోనె మీదే తీసుకెళ్లాడు, దోనె మీదే తెచ్చాడు. తిరిగొచ్చేటప్పుడు అమ్మ దాని తల ఒడిలో పెట్టుకుని ఉంది. నేను రేవులో నిలబడి చూస్తున్నాను. నిద్రపోతోందనే అనుకున్నాను. నీళ్ల మీద తెడ్డు చప్పుడు తప్ప ఏ చప్పుడూ లేదు. అంత నిశ్శబ్దంగా దోనె రావడం అదే చూడ్డం. మా వైపు ఆనవాయితీ, జబ్బుతో పోయినవాళ్లు వాడిన చాపా బట్టలూ గిన్నే కిక్కిస మోపు మీద పెట్టి సరస్సులోకి తోసేస్తారు, ఇంట్లో ఉంచరు. కాంతం చాప అలా వెళ్లడం చూశాను. దాని మీద దాని కంచం ఎండకి మెరుస్తూ చాలా దూరం కనిపించింది.

కొన్నాళ్లకి మేష్టారు వచ్చారు. అరుగు మీద కూర్చోలేదు, వాకిట్లోనే నిలబడ్డారు. పెట్టె తిరిగి పంపే రోజు దగ్గరికొచ్చింది. ఆయన నోరు తెరిచేలోపే అమ్మే అందుకుంది. "పుస్తకం కోసం వచ్చారు కదండీ. దానితోపాటే పంపేశాను" అంది. మేష్టారు తల ఊపారు. మంచిపని చేశావమ్మా అన్నారు. ఆ మాట ఆయన ఎలా అనగలిగారో నాకు ఇప్పటికీ తెలియదు. పైవాళ్లకి ఆయనే ఏదో చెప్పుకుని ఉంటారు.

అక్కడితో అయిపోతే బాగుండేది. కానీ ఊరు ఊరుకోలేదు. ఆ పుస్తకం మాకంటే ముందు చివరింటి సత్యం వాళ్లింట్లో ఉంది. సత్యం అంటే నాకు వరసకు బావ, కాంతం ఈడువాడే. వాడికీ అప్పుడే జ్వరం వచ్చి తగ్గింది. ఇంకేం, జ్వరం పుస్తకంలో కూర్చుని ఆ ఇంటి నుంచి ఈ ఇంటికి వచ్చిందన్నారు. పదిళ్ల చేతులు పడ్డ పుస్తకం పది ఇళ్ల కీడూ మోసుకొస్తుందన్నారు. ఎవరన్నారు అంటే చెప్పలేను, రేవు దగ్గర పుట్టిన మాటకి తల్లీతండ్రీ ఉండరు. తల్లులు ఒక్కొక్కరే పుస్తకాల్ని కర్రతో పట్టుకొచ్చినట్టు పట్టుకొచ్చి బడి ముందు పెట్టేశారు. పెద్దలు కూర్చుని పెట్టె ఇక మన లంకకి వద్దన్నారు. మేష్టారు చేతులు జోడించారని నాన్న చెప్పేవాడు. ఆ పెట్టెని రోడ్డుకి చేర్చింది నాన్నే. కూతుర్ని తెచ్చిన దోనె మీదే. ఈసారి మేష్టారు వెంట వెళ్లలేదు. పెట్టె ఒక్కటే తడక మధ్యలో కూర్చుని వెళ్లింది. ఆ తర్వాత అమ్మ నన్ను బడి మాన్పించింది. పొట్లం కట్టిన కాగితం నేను ఎండకి పెట్టి చూస్తున్నా లాక్కునేది. పుస్తకం అంటే ఆవిడకి పగ అనుకుంటూనే నేను పెరిగి పెద్దయ్యాను.

పెళ్లికాని పిల్ల పోతే మాలో ఇంటి పేరంటాలు, అంటే ఇంటిని కాచే దేవత అవుతుంది. జబ్బులో వాడకుండా మిగిలిన దాని లంగా, గాజులు, రిబ్బను పసుపుగుడ్డలో మూటగట్టి వెదురు బుట్టలో పెట్టి దూలానికి వేలాడదీస్తారు. ఏటా ఉగాదికి దించి, పైన కొత్త పసుపుగుడ్డ కట్టి, దీపం పెట్టి, మళ్లీ ఎత్తేస్తారు. ఇంట్లో పెళ్లయినా పురుడైనా ముందు ఆవిడకి చెప్పాల్సిందే. మా అమ్మ శుక్రవారం శుక్రవారం ఆ బుట్ట కింద సాంబ్రాణి వేసేది. వాన మొదలైతే అందరూ బియ్యం తడుస్తున్నాయా అని చూస్తే అమ్మ బుట్ట మీద చినుకు పడుతుందా అని చూసేది. పాత గడ్డి తీసి కొత్తగా కప్పు వేసే రోజున బుట్టని ఎవరికీ ఇవ్వకుండా ఒడిలో పెట్టుకుని వాకిట్లో ఎండలో కూర్చునేది. చనిపోయేముందు నన్ను పిలిచి ఆ పని అప్పజెప్పింది. "పైముడి విప్పు మంగా, కొత్తగుడ్డ చుట్టు. లోపలి ముడి జోలికి పోకు. పిల్ల లేస్తుంది" అంది. అలాగేనమ్మా అన్నాను. ఏటా పైముడి విప్పేటప్పుడు లోపల చేతికి ఏదో పలకలా గట్టిగా తగిలేది. బడికి తీసుకెళ్లే పలకే అనుకున్నాను. ఇంకో ఆలోచన రాలేదు.

మా ఇంట్లో మగపిల్లలు లేరు గనక మా ఆయన ఇల్లరికం వచ్చారు. వచ్చిన కొత్తలో బుట్టలో ఏముందని ఒకసారి అడిగారు. చెప్పాను. మళ్లీ అడగలేదు గానీ, వేటకి వెళ్లేటప్పుడు రోజూ తలెత్తి, వదినా, వెళ్లొస్తాను అని చెప్పి వెళ్లేవారు. వేళాకోళంగా మొదలైంది, తర్వాత అలవాటైంది, తర్వాత అది చెప్పకుండా గుమ్మం దాటలేకపోయేవారు. ఆయన పోయాక ఆ మాట లేక ఇల్లు బోసిపోయింది. మా అబ్బాయి ఆ బుట్ట కిందే ఉయ్యాల్లో పెరిగాడు. వాడి పిల్లా అక్కడే పెరిగింది. పాక పోయి పెంకులొచ్చాయి, పెంకులు పోయి రేకులొచ్చాయి, దూలం మాత్రం మార్చనివ్వలేదు. అన్నిటికీ అలవాటు పడ్డాను, ఒక్కదానికి తప్ప. గట్టు మీద మేకల మంద వెళ్తే ఎక్కడో ఒక మేక మెడలో గంట మోగుతుంది. చేతిలో పని ఏదైనా సరే ఆగిపోతుంది. ఏ వైపు నుంచో తెలియలేదు అన్న కాంతం గొంతు వినిపిస్తుంది. ఆ పిల్ల అలా కొండ మీద చీకట్లో నిలబడే ఉంది, ఇన్నేళ్లూ. దాన్ని కిందకి దింపేవాళ్లు లేరు.

ఇక మా లాస్య సంగతి. మొదటి వారం ఏనుగు పుస్తకం అరుగు మీదే చదివేసింది. తర్వాత మరొకటి తెచ్చింది. వానలు పట్టాయి. జల్లు కొడుతున్నా అరుగు మీదే కూర్చుని, గంప పక్కకి ఒరిగి చదివేది. లోపలికి రావే అంటే పుస్తకంతో వస్తానంటుంది. అదీ నా మనవరాలే కదా. రెండు రోజుల్లో ఒళ్లు కాలిపోయింది. దుర్గ ఆసుపత్రికి తీసుకెళ్లి రక్తం తీయించి మందులు తెచ్చింది, కంగారు లేదన్నారంది. నేను వినలేదు. గంప ఎత్తి ఆ పుస్తకాన్ని పైటకొంగుతో పట్టుకుని నడిచి బడికి వెళ్లాను. మా ఇంటి పిల్లకి ఇక పుస్తకం ఇవ్వకండి అని టీచరుగారి బల్ల మీద పెట్టాను. ఆవిడ వాదించలేదు. ఇప్పుడు ఇది రాస్తూ తల దించుకున్నారు గానీ, వాదించలేదని రాయండి. జ్వరం తగ్గాక మాట్లాడుకుందాం మామ్మగారూ అన్నారంతే. కానీ నేను వెళ్లడం దారిపొడుగునా చూశారు కదా. ఆ శనివారం వ్యాను వచ్చేసరికి మా వీధి తల్లులు కొందరు పుస్తకాలు తెచ్చి తిరిగిచ్చేశారు, కొత్తవి వద్దన్నారు. జ్వరం పుస్తకంతోనే వచ్చిందట అన్న ఈ మాట కూడా రేవు మాటలాగే, ఎవరు మొదలెట్టారో తెలియదు.

దుర్గకి కోపం వస్తే గొంతు ఇంకా తగ్గుతుంది. "జ్వరం దోమలతో వచ్చింది అత్తయ్యా. ఇప్పుడు ఆ వ్యాను రావడం మానేస్తే, అది మాత్రం మనింటి నుంచే" అంది. నాకు కనపడుతున్నది వ్యాను కాదు, తడక మధ్యలో ఒంటరిగా కూర్చుని వెళ్లిన పెట్టె. అయినా పిల్ల నుదురు మీద చెయ్యి వేస్తే ఆ పెట్టె కూడా కనపడ్డం మానేస్తుంది.

ఆ మధ్యాహ్నం దుర్గ మందులకి వెళ్లింది. లాస్య బుట్ట కింద మంచం మీద మగతగా పడుకుని ఉంది. పసుపుగుడ్డలో పిడికెడు బియ్యం పోసి ముడుపు కట్టాను. కాంతానికి కడదామని, ఈ పిల్లని వదిలెయ్యవే అని చెప్పుకుందామని పీట ఎక్కి బుట్ట దించాను. ముడుపు కట్టేందుకు మూట కొంచెం పైకి లాగానంతే. లోపలి గుడ్డ ఎన్నేళ్లదో, పిండిలా చివికిపోయి ఉంది. ముడి విప్పలేదండీ, ముడి ముడిలాగే ఉంది. గుడ్డే విడిపోయింది. నల్లగాజులు నేల మీద దొర్లాయి. పచ్చ లంగా జారింది. దాని మడతలోంచి, నేను పలక అనుకున్నది కింద పడింది.

అది పలక కాదు. అట్ట మీద కుమ్మరివాళ్ల పిల్ల బొమ్మ. ఆ బొమ్మ నుదుట మా అమ్మ కుంకుమ పెట్టింది. నాలుగు మూలలా పసుపు రాసింది. పుస్తకం మధ్యలోంచి కిక్కిస ఆకు కొస ఎండిపోయి, గడ్డి రంగు కూడా పోయి, బయటికి కనిపిస్తోంది. నేల మీద చతికిలబడ్డాను. భయమేస్తుందనుకున్నాను. అంతకు ముందు వేరే ఆలోచన వచ్చి నా మీద కూర్చుంది. పదిళ్లు తిరిగిన పుస్తకం ఈ గుమ్మంలోకి రాకూడదంది అమ్మ. ఆ పుస్తకం ఈ గుమ్మం దాటి వెళ్లనే లేదు. దాని కింద నా కొడుకు ఉయ్యాల ఊగింది. మా ఆయన రోజూ దానికి చెప్పే వేటకెళ్లారు. దాని కిందే అమ్మ చాప వేసుకుని ముసలిదయింది. ఒక్కరికి ఒక్క కీడు జరగలేదు. పగ అనుకున్నానే, పగ కాదు. కాంతం వేలు ఆగిన చోటు అది. ఆ చోటు దాటి ఇంకెవరి వేలూ వెళ్లడం ఆవిడ చూడలేకపోయింది, అంతే. అన్నిటినీ నీళ్లలోకి తోసి ఆ ఒక్క చోటిని మాత్రం తోయలేకపోయింది. మేష్టారి ముందు అబద్ధమాడింది, ఊరు పెట్టెని వెళ్లగొడుతుంటే నోరు విప్పలేదు, నన్ను బడి మాన్పించింది. అమ్మ మీద నాకు కోపం రావాలి. వచ్చింది కూడా. కోపంతోనే ఆ గాజులు ఏరుకుంటూ ఏడ్చాను.

లాస్య కళ్లు తెరిచింది. మామ్మా, అది మా లైబ్రరీదా అంది. విచ్చుకున్న అట్ట లోపల ఊదారంగు ముద్ర వెలిసిపోయి ఉంటే దాన్ని చూసి గుర్తుపట్టింది, వాళ్ల పుస్తకాల మీద అలాంటిదే ఉంటుందట. అవునమ్మా, మీదే అన్నాను. చదవనా అంది. పిల్ల కాళ్ల దగ్గర కూర్చుని, ఆకు ఉన్నచోట తెరిచి ఇచ్చాను. కాగితం అప్పడంలా ఉంది. జ్వరం గొంతుతో, వేలు పెట్టి, గంట వినిపించింది, ఏ వైపు నుంచో తెలియలేదు అని చదివింది. నా కళ్లు దాని వేలు మీదే ఉన్నాయి. వేలు జరిగింది. ఎంతో లేదండీ మిగిలింది, రెండు పేజీలు. కుమ్మరివాళ్ల పిల్ల గంట వెంటే నడుస్తుంది. నడుస్తుంటే దిగువ వస్తుంది, దిగితే వాళ్ల వీధే. మేకపిల్ల ఎప్పుడో వేరే దారిన వచ్చేసి గుంజ దగ్గర పడుకుని ఉంది. ఆ గంట పట్టుకుని వాకిట్లో మోగిస్తున్నది వాళ్లమ్మ, పిల్లకి దారి తెలియాలని. అంతే కథ. లాస్య పుస్తకం మూసి, బాగుంది మామ్మా అని మళ్లీ నిద్రపోయింది. దుర్గ వచ్చి చూసేసరికి నేను అలాగే కూర్చుని ఉన్నాను. పుస్తకం చూసింది, గాజులు చూసింది, నా ముఖం చూసింది. పిల్ల నుదురు తడిమి, చెమట పట్టింది అత్తయ్యా అంది.

పై శనివారం పుస్తకాన్ని కుండగుడ్డలో చుట్టి నేనే తీసుకెళ్లాను. వ్యాన్లో వచ్చే లైబ్రరీ మేడం చిన్నపిల్ల, కళ్లద్దాలు. ముద్ర చూసి, ఇది మాదే మామ్మగారూ అంది. దాచుకోండి, మీ ఇంటి వస్తువే అయిపోయిందిగా, లేదంటే అద్దాల బీరువాలో పెడతాం అంది. వద్దన్నాను. "ఇన్నాళ్లూ ఒకచోటే ఉందమ్మా. ఇళ్లకి వెళ్లాలి" అన్నాను. ఆ పిల్లా టీచరుగారూ మొహాలు చూసుకున్నారు. కాగితం ఆగదంటారు, నేను వినను. చివరికి టీచరుగారే కుట్టు వేసి, ప్రతి కాగితానికీ పల్చటి ప్లాస్టిక్కు తొడిగారు. అమ్మ పెట్టిన కుంకుమ తుడవలేదు, కాంతం పెట్టిన ఆకు తీయలేదు. తెరిచి చదువుకుని మర్నాడే తెచ్చివ్వాలి, అదీ షరతు. ఆ పై శనివారం వ్యాను వచ్చేసరికి బడి వరండాలో తల్లులు నిలబడి ఉన్నారు. పేరంటాలు బుట్టలోంచి వచ్చిందని ఊరంతా తెలిసిపోయింది. ఎవరికి కావాలని టీచరుగారు అడిగితే ఒక్కరూ ముందుకు రాలేదు. పిల్లలు తల్లుల చీరలు పట్టుకుని చూస్తున్నారు. ఇదీ వ్యానులో వెళ్లిపోతుంది కాబోలనుకున్నాను.

అప్పుడు వెనక నుంచి కర్ర చప్పుడైంది. చివరింటి సత్యం బావ. ఇప్పుడు నడుం వంగిపోయింది. నాతో మాట్లాడి ఎన్నేళ్లయిందో. మా ఇంటి ముందు నుంచి వెళ్లాల్సి వస్తే చుట్టూ తిరిగి గట్టు మీంచి వెళ్లే మనిషి. జ్వరం వాళ్లింటి నుంచి వచ్చిందన్న మాట ఆయన చిన్నప్పటి నుంచీ మోస్తూనే ఉన్నాడని అప్పటికి గానీ నాకు తట్టలేదు. వచ్చి నా ముందు రెండు చేతులూ చాపాడు, మేష్టారి ముందు చాపినట్టే. అరచేతుల్లో బూడిద గీతలు ఇంకా ఉన్నాయి. "మా ఇంటి నుంచే కదా మంగా మీ ఇంటికొచ్చింది. ముందు మా ఇంటికే రానీ" అన్నాడు. చుట్టూ అందరూ చూస్తుండగా ఆ చేతులు దగ్గరికి తీసుకుని వాసన చూశాను. నీచు లేదు బావా అన్నాను. నవ్వబోయాడు, కుదరలేదు. పుస్తకం చేతుల్లో పెట్టాను.

ఆ తర్వాత వద్దన్న తల్లులు ఒక్కొక్కరే మళ్లీ బడికి వచ్చారని టీచరుగారు ఇక్కడ రాసుకోమంటున్నారు, అదే లైబ్రరీ వార్త అంటున్నారు. రాసుకోండి. నేను చెప్పేది మాత్రం ఆ సాయంత్రం సంగతి. రొయ్యల చెరువుల్లో ఫ్యాన్లు తిరుగుతున్నాయి. ఇప్పుడు మాకు కిక్కిస చప్పుడు బదులు అదే చప్పుడు. మా ఇంట్లో బుట్ట దూలానికే ఉంది, తేలికైపోయి గాలికి కొంచెం ఊగుతోంది. లాస్యని తోడు తీసుకుని గట్టు మీద నడిచి వెళ్లి, చివరింటికి కాస్త ఇవతలే నిలబడ్డాను. అరుగు మీద బల్బు కింద సత్యం బావ మనవరాలు వేలు పెట్టి చదువుతోంది. ఆయన పక్కనే కూర్చుని ఉన్నాడు, చేతులు ఒడిలో పెట్టుకుని. గంట వినిపించింది, ఏ వైపు నుంచో తెలియలేదు అని చదివింది. సరిగ్గా అక్కడ లోపల నుంచి వాళ్లమ్మ అన్నానికి పిలిచింది. పిల్ల చదవడం ఆపింది. నేను లాస్య భుజం పట్టుకున్నాను. నొప్పిగా ఉంది మామ్మా అందది, అయినా వదల్లేకపోయాను. అరుగు మీద పిల్ల లోపలికి చూసింది, పుస్తకం వైపు చూసింది, వచ్చేస్తున్నానమ్మా, ఈ రెండు పేజీలూ అయిపోయాక అని కేకేసి, ఆకు పక్కకి జరిపి, మళ్లీ మొదలెట్టింది.